రెండు వైర్లు మార్చిన పాపానికి

అగ్నిప్రమాదాల గురించి మీరు చాలా చదివి ఉంటారు. గ్యాసు బండలు పేలడం, పత్తి గోదాములు కాలిపోవడం, అవన్నీ పేపర్లో వస్తాయి. నేను చెప్పబోయే ప్రమాదంలో కాలింది బియ్యపు గింజంత వస్తువు. చప్పుడు కూడా పోపులో ఆవగింజ చిట్లినంతే. కానీ దానితోపాటు నాకు రావలసిన ఉద్యోగం, మా బాపు పరువు, నా డిగ్రీలో ఒక ఏడాది కలిసి కాలిపోయాయి. వాటిని ఆర్పడానికి ఫైరింజను రాదు. కాబట్టి కాస్త నవ్వుకుంటూనే చదవండి, నేనూ నవ్వుతూనే రాయడానికి ప్రయత్నిస్తాను. మధ్యలో ఎక్కడైనా పళ్ళు కొరికిన చప్పుడు వినిపిస్తే క్షమించండి.

మా బాపు సిరిసిల్లలో జాబర్. సాంచాలు, అంటే కరెంటుతో నడిచే మగ్గాలు మొరాయిస్తే పానా పట్టుకుని వెళ్ళి వాటిని దారికి తెచ్చేవాడిని మా దగ్గర జాబర్ అంటారు. బడి సెలవుల్లో నేను ఆయన వెంట షెడ్లలో తిరిగాను కాబట్టి కరెంటు నాకు మేనమామ వరస అనుకునేవాణ్ణి. షెడ్డులో నేర్చుకున్న విద్యల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒకటుంది. కొత్తగా బిగించిన మోటారు ఒక్కోసారి ఉల్టా తిరుగుతుంది. అప్పుడు బాపు కంగారుపడడు. "రెండు వైర్లు మార్చురా" అంటాడు. మారుస్తాను. మోటారు బుద్ధిగా సీదా తిరుగుతుంది. ప్రపంచంలో ఏది ఉల్టా తిరిగినా రెండు వైర్లు మారిస్తే చాలని నేను ఆ వయసులో సిద్ధాంతం చేసుకున్నాను. ప్రపంచం నన్నేమీ అడగలేదు.

డిగ్రీ సిరిసిల్లలోనే ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. ఫిజిక్సు, ఎలక్ట్రానిక్సు. మా కాలేజీకి ల్యాబు లేదని ఎవరూ అనలేరు, తలుపు మీద బోర్డు ఉండేది. ముక్కోటి నాడు ఉత్తర ద్వారం తెరిచినట్టు ఆ తలుపు ఏడాదికి ఒక్కసారి, ప్రాక్టికల్ పరీక్ష రోజున తెరుచుకునేది. మిగతా రోజుల్లో ప్రయోగాలన్నీ రికార్డులోనే జరిగేవి. సీనియర్ల రికార్డు చూసి మేము రాసేవాళ్ళం, వాళ్ళు వాళ్ళ సీనియర్లది చూసి రాశారు. ఆ రీడింగులు మొదట ఎవరు తీశారో, అసలు తీశారో లేదో మాకు తెలియదు. ఇంటిపేరులాగా తరతరాలుగా వస్తున్నాయి, మేము ఎక్కాలు వల్లించినట్టు వల్లించేవాళ్ళం.

ఇంతలో నాకొక అదృష్టం తగిలింది. కోరుట్లలో ఒక జూనియర్ కాలేజీ వాళ్ళకు ల్యాబులో పిల్లలతో ప్రయోగాలు చేయించే మనిషి కావాలి. నేను ఆఖరి సంవత్సరంలో ఉండగానే వెళ్ళి అడిగాను. తోడుగా నా పక్క బెంచీ స్నేహితుడు, కోనరావుపేట గంగాధర్‌ను కూడా తీసుకెళ్ళాను. అక్కడి ప్రిన్సిపాల్ ఒక మోటారు స్టార్టర్ పాడైందంటే విప్పి బాగుచేశాను. ఆయన ముచ్చటపడ్డాడు.

"డిగ్రీ మెమో పట్టుకొని రా, జూన్‌ల జాయిన్ అయిపో. ఒక్క సబ్జెక్టు గూడ ఉండిపోవద్దు మరి," అన్నాడు.

"ఉండదు సార్," అన్నాను.

"ఇగ నువ్వే సార్‌వి," అని నవ్వాడు.

ఆ మాట మా బాపుకు చెప్పాను. మరుసటి పొద్దునకల్లా నేతాజీ విగ్రహం కింద చాయ్ తాగేవాళ్ళ నుంచి కండెలు చుట్టే ఆడవాళ్ళ దాకా అందరికీ తెలిసింది. "మా పోరడు కోరుట్లల ల్యాబ్ సార్ అయితుండు," అని ఆయన హోటల్లో కూర్చుని ప్రతివాడికీ చెప్పేవాడు. జీవితమంతా నూనె చేతులతో బతికిన మనిషి. ఇంట్లో ఒక్కడినైనా ఎవరైనా సార్ అని పిలిస్తే చూడాలని ఆయన కోరిక. నాకూ అదే కోరిక. ఇక మధ్యలో ఉన్నది ఒక్క ప్రాక్టికల్ పరీక్షే, అందులో ఫెయిలైన వాడు మా కాలేజీ చరిత్రలో లేడు.

మీరు ఊహించింది నిజమే. చరిత్ర నా కోసమే ఎదురు చూస్తూ ఉంది.

పరీక్ష రోజు జగిత్యాల నుంచి ఎక్స్‌టర్నల్ సార్ వచ్చాడు. ఎక్స్‌టర్నల్ అంటే బయటి కాలేజీ నుంచి వచ్చి మా చేత ప్రయోగాలు చేయించి మార్కులు వేయవలసిన పెద్దమనిషి. ఆచారం ప్రకారం ఆయన్ని ప్రిన్సిపాల్ గదిలో కూర్చోబెట్టి చికెన్ బిర్యానీ పెడతారు. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, కాస్త నడుం వాల్చేలోగా మేము వల్లించినవి రాసి ఇచ్చేస్తాం. అందరికీ సుఖం, కోడికి తప్ప.

మాకు వచ్చిన ప్రయోగం డయోడ్. డయోడ్ అంటే పెద్ద బ్రహ్మపదార్థమేమీ కాదు. కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న తలుపు. సీదా కలిపి ఓల్టేజీ కొద్దికొద్దిగా పెంచుతూ పోతే కొంతసేపు ఏమీ జరగదు, తర్వాత కరెంటు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఉల్టా కలిపితే ఎంత పెంచినా దాదాపు ఏమీ పారదు. ఆ పారీ పారని కరెంటును కొలవడానికి మైక్రో అమ్మీటరు అని నాజూకైన మీటరు ఒకటి ఉంటుంది. మా ల్యాబు మొత్తానికి అది ఒక్కటే.

నేను డయోడ్ బిగించి ఉన్న డబ్బా ముందుకు లాక్కోగానే గంగాధర్ ముఖం మాడిపోయింది.

"రమేశా, గా డబ్బ ముట్టకురా. రీడింగులు నోటికొచ్చినయి గదా, రాసుడే. సూది దిక్కు చూసినట్టు జెయ్యి, గంతే."

"అరే, రేపు కోరుట్లల పిల్లలకు చూపియ్యాలె గదరా. ఒక్కసారన్న చెయ్యకపోతే ఎట్ల?"

"రేపటి ముచ్చట రేపు. ముందుగాల పాస్ గా."

"జాబర్ కొడుకునురా నేను. నాకు కరెంటు నేర్పుతున్నవా?"

"నేర్పుతలేను. బతిమాలుతున్న."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మిగతా అందరూ తల వంచుకుని పరపరా రాస్తుంటే నేను ఒక్కణ్ణే వైర్లు కలిపి స్విచ్ వేశాను. నాబ్ తిప్పాను. కాసేపు సూది కదల్లేదు. తర్వాత నెమ్మదిగా లేచింది, ఇంకా తిప్పితే ఝుమ్మని లేచింది. పుస్తకంలో గీత ఎలా ఉందో సూది అలాగే పోయింది. నిజం చెబుతున్నాను, నా ఒళ్ళు జలదరించింది. మూడేళ్ళుగా మేము రాసిందంతా అబద్ధం అనుకున్నాను కదా, అది నిజమేనని తెలిసి ఎంత సంతోషం వేసిందో. వచ్చింది వచ్చినట్టు రాసుకున్నాను.

గంగాధర్ నా పేపర్లోకి తొంగి చూశాడు. "గిదేందిరా, సున్నా పాయింట్ మూడుకే లేసింది? ఏడు గదా!"

"మూడుకే లేసింది మరి."

"అది లేసినా నువ్వు లేవనియ్యద్దురా! ఏడే రాయి."

నేను రాయలేదు. ఆ డబ్బాలో అసలు డయోడ్ ఎప్పుడో పోతే ఎవరో వేరే రకం వేశారని, ఆ రకం కాస్త ముందే తెరుచుకుంటుందని నాకు తర్వాత ఎన్నాళ్ళకో తెలిసింది. ఆ రోజు తెలిసింది ఒక్కటే, నా కళ్ళతో చూశాను. కళ్ళతో చూసింది రాస్తే మార్కులు వస్తాయని ఎవరు చెప్పారో గానీ, వాడు కనిపిస్తే ఇప్పటికీ అడగాలని ఉంది.

ఇక ఉల్టా ప్రయోగం. మైక్రో అమ్మీటరు పెట్టాను. డయోడ్ ఉల్టాగానే కలిపాను, అది సరిగ్గానే ఉంది. మీటరు వైర్లు మాత్రం అటుదిటు కలిపాను. సరిగ్గా అప్పుడే ఎక్స్‌టర్నల్ సార్ లోపలికి వచ్చాడు. బిర్యానీ రావడం ఆలస్యమైందట. నా జాతకం ఆ బిర్యానీ డెలివరీ కుర్రవాడి బండి పంక్చరులో ఇరుక్కుపోయిందని నాకేం తెలుసు?

ఆయన గది అంతా కలియజూశాడు. అందరిలో పనిచేస్తున్నట్టు కనబడింది నేనొక్కణ్ణే, నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"శభాష్. చేస్తున్నవా బాబూ? చెయ్యి, చెయ్యి. చూస్త."

నాకు ఛాతీ ఉబ్బింది. నాబ్ తిప్పాను. సూది ముందుకు రావడానికి బదులు సున్నా దాటి వెనక్కి పోయి, మూలకు ఆనుకుంది. ఇంకా తిప్పాను, వస్తుందేమోనని. చివరిదాకా తిప్పాను. అది గోడకు మొహం తిప్పుకుని అలిగిన కోడలిలాగా అక్కడే ఉంది.

"ఏంది బాబూ, సూది అటు పోయింది?"

"ఏం లేదు సార్, ఉల్టా అయ్యింది. ఇప్పుడే సీదా చేస్త."

మా ఇన్‌చార్జి దేవేందర్ సార్ దూరం నుంచి చేతులు ఊపుతున్నాడు. నన్ను మెచ్చుకుంటున్నాడనుకున్నాను. మార్చవలసింది మీటరు వైర్లు. నేను మార్చింది సప్లై నుంచి వచ్చే రెండు వైర్లు. నాబ్ చివరన ఉండగానే. అంటే అన్ని ఓల్టులకు మూసి ఉన్న తలుపును ఒక్కసారిగా బార్లా తెరిచాను. కరెంటు మరీ ఎక్కువ పారకుండా అడ్డంగా ఉండవలసిన రెసిస్టరు ఏనాడో కాలిపోతే, దాని స్థానంలో ఏ మహానుభావుడో వైరు ముక్క పెట్టి ఉంచాడు.

డయోడ్ చిట్‌మంది. సన్నటి పొగ లేచింది. సూది మాత్రం అలక మాని కుడివైపుకు ఒక్క దూకు దూకి, వంకర తిరిగి ఆగిపోయింది. మళ్ళీ ఎప్పటికీ కదల్లేదు.

దేవేందర్ సార్ పరుగున వచ్చి మీటరును రెండు చేతులతో ఎత్తుకున్నాడు. "గది ఒక్కటే ఉండెరా! ఒక్కటంటే ఒక్కటే! ఎవ్వలు ముట్టకుంట ఇన్నేండ్లు కాపాడిన గదరా!"

"ముట్టకుంట ఎందుకు సార్, మీటరు ఉన్నది ముట్టనీకే గదా?"

"నోరు ముయ్యి!"

ఎక్స్‌టర్నల్ సార్ మాత్రం చల్లగా అడిగాడు. "ఏం చేసినవ్ బాబూ?"

"రెండు వైర్లు మార్చిన సార్."

"ఎందుకు మార్చినవ్?"

"ఉల్టా తిరుగుతే మార్చుమని మా బాపు చెప్పిండు సార్."

"మీ బాపు ఏ కాలేజీల లెక్చరర్?"

"సాంచాల షెడ్ల జాబర్ సార్."

గది ఘొల్లుమంది. అందరూ నవ్వారు. ఇన్‌చార్జి నవ్వాడు, ఎక్స్‌టర్నల్ నవ్వాడు, సిరిసిల్లలో సాంచాల చప్పుడు వింటూ పుట్టినవాళ్ళు కూడా నవ్వారు. నన్ను చూసి నవ్వితే ఊరుకునేవాణ్ణి, నేను నవ్వదగ్గ పనే చేశాను. వాళ్ళు నవ్వింది మా బాపును. అక్కడ నాకు మండింది.

కానీ దేవుడు మంచివాడు, ఇంకొక అవకాశం ఇచ్చాడు. బయట బండి హారను వినిపించింది, బిర్యానీ వచ్చింది. ఎక్స్‌టర్నల్ సార్ ముఖం విప్పారింది.

"సరే, అయ్యిందేదో అయ్యింది. మీటరు లేదని పరీక్ష ఆగదు గదా. అందరు రాసియ్యిండ్రి. నువ్వు గూడ అందరి లెక్కనే రాసియ్యి బాబూ, పో."

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నన్ను చూడండి. నా ముందు పేపరు ఉంది. నోటిలో రీడింగులు ఉన్నాయి. మార్కులు వేయవలసిన మనిషి స్వయంగా రాసుకోమంటున్నాడు. అవతల కోరుట్లలో ఉద్యోగం కుర్చీ తుడిచి పెట్టుకుని ఉంది. నోరు మూసుకుని పెన్ను పట్టుకుంటే చాలు. ఇంత తేలికైన పని మా ఇంట్లో మేక కూడా చేసేది.

నేను లేచి నిలబడ్డాను. "సార్, మీటరే కాలిపోయింది గదా. ఉల్టా రీడింగులు వీళ్ళందరికి ఎక్కడికెళ్ళి వస్తయి?"

బల్ల కింద గంగాధర్ నా కాలు తొక్కాడు. ఎంత గట్టిగా అంటే చెప్పు తెగింది.

"అంటే?" అన్నాడు ఎక్స్‌టర్నల్ సార్.

"అంటే... ఇప్పటిదాంక ఎవ్వలు స్విచ్చే వెయ్యలేదు సార్. చూసుకోండ్రి, వైర్లు గూడ చుట్టి చుట్టినట్టే ఉన్నయి."

దేవేందర్ సార్ ఆ చచ్చిన మీటరును గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. ఎక్స్‌టర్నల్ సార్ నెమ్మదిగా నాలుగు పేపర్లు తీసుకుని నా పేపరు పక్కన పరిచాడు.

"గీ పిల్లగాడు సున్నా పాయింట్ ఏడు రాసిండు. గీ అమ్మాయి ఏడు. వీడు ఏడు. వాడు ఏడు. నువ్వు?"

"మూడు సార్. గని నేను చూసి..."

"అందరికి ఒక్కతీరుగ వచ్చి నీకొక్కనికే వేరే వస్తే, తప్పు ఎవరిది?"

"సార్, డబ్బ కాడికి రాండ్రి, ఇంకో మీటరు ఉంటే పెట్టి చూపిస్త..."

"ఇంకోటి గూడ కాలుస్తవా? సామాను ఖరాబ్ చేసుడు, రీడింగులు తప్పు రాసుడు, మీదికెళ్ళి తోటి పిల్లల మీద చెప్పుడు! ఏం సంస్కారమయ్యా ఇది?" అని నా పేపరు గుంజుకుని, దాని మీద పెద్ద అడ్డగీత గీసి, బిర్యానీ దిక్కు నడిచిపోయాడు.

తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారు. అబద్ధం. కోతి ఒక్కటే చెడింది, వనమంతా ఫస్టు క్లాసులో పాసైంది.

ఫలితాలు వచ్చిన రోజు బాపు సాంచా కింద పడుకుని ఏదో బోల్టు బిగిస్తున్నాడు. ప్రాక్టికల్‌లో ఫెయిలయ్యానని చెప్పాను. పానా ఆగింది. నూనె చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"నేను మోటర్ ముచ్చట చెప్పిన గని, గా డబ్బ ముచ్చట నాకేం ఎర్కరా," అన్నాడు.

"నీ తప్పేం లేదు బాపూ."

"మరి గంగాధర్?"

"పాసయ్యిండు."

"ఆడు వైర్లు సక్కగ పెట్టిండా?"

"పెట్టలే."

ఆయనకు అర్థం కాలేదు. నేను వివరించలేదు. ఆ తర్వాత ఆయన ఆ హోటల్లో చాయ్ తాగడం మానేసి, తెలిసినవాళ్ళు ఎవరూ రాని ఇంకో హోటలు దాకా నడిచి వెళ్ళేవాడు. నాకు అన్నిటికన్నా బాధనిపించింది అదే.

గంగాధర్ ఒక సాయంత్రం వచ్చాడు. చాలాసేపు వానల గురించి, దుబాయిలో ఉన్న వాళ్ళ నాన్న గురించి మాట్లాడాడు.

"రమేశా, నువ్వు ఎట్లాగు ఇప్పుడు పోవు గదరా కోరుట్లకు. నేను అడగనా?"

"అడుగు."

"నీకు కోపం లేదు గదా?"

"లేదు," అన్నాను. అది నేను నా జీవితంలో చెప్పిన మొదటి మంచి రీడింగు. కళ్ళతో చూడకుండా, అవతలివాడికి కావలసినట్టు చెప్పాను.

మరుసటి ఏడాది అదే పరీక్ష మళ్ళీ రాశాను. డబ్బా వైపు కన్నెత్తి చూడలేదు. సున్నా పాయింట్ ఏడు రాశాను. ఉల్టాకు సున్నాలు పెట్టాను. మంచి మార్కులు వచ్చాయి. అప్పటికి కోరుట్ల కుర్చీలో గంగాధర్ కుదురుకుని కూర్చున్నాడు. నేను సిరిసిల్లలో మోటారు వైండింగు షాపు పెట్టుకున్నాను. పని బాగానే నడుస్తోంది, దేవుడి దయ వల్ల మోటార్లు ఎక్స్‌టర్నల్ సార్లను అడగకుండానే తిరుగుతాయి.

మొన్నామధ్య గంగాధర్ ఫోన్ చేశాడు. "అరే రమేశా, తనిఖీకి వస్తున్నరట. ఈ పాలి పిల్లలు ప్రయోగం నిజంగ చేస్తుంటే చూస్తరట. గా డయోడ్ డబ్బ ఎట్ల పెడ్తరో నాకు తెల్వదిరా. ఒక్కపూట వచ్చిపోరాదు?"

వెళ్ళాను. ఎందుకు వెళ్ళావని అడగకండి. వేములవాడలో బస్సు మారి, కిటికీ పక్కన కూర్చుని, నన్ను నేను తిట్టుకుంటూ వెళ్ళాను. ల్యాబు శుభ్రంగా ఉంది. పిల్లలు చుట్టూ మూగారు. అన్నీ సరిగ్గా కలిపాను, మీటరు వైర్లతో సహా. నాబ్ తిప్పాను. సూది కాసేపు ఆగి, ఝుమ్మని లేచింది. నా సంతోషం మళ్ళీ అంతే, చిన్నపిల్లవాడిలాగా. పిల్లలు "ఓ" అన్నారు.

వెనక వరుసలోంచి రెండు జడల పిల్ల ఒకతె ముందుకు వచ్చి నన్ను అడిగింది. "సార్, గిన్నిసేపు ఊకె ఉండి ఒక్కసారిగ ఎందుకు లేస్తది సార్?"

ఆ గదిలో నన్ను సార్ అన్నది ఆ పిల్ల ఒక్కతే. నేను నోరు తెరవబోయాను.

"ఆయన సార్ కాదమ్మా, మోటర్ల మెకానిక్," అన్నాడు గంగాధర్, నవ్వుతూ. కోపంతో కాదు, మామూలుగానే అన్నాడు. "సార్‌ను నేనున్న గదా, నన్నడుగు."

ఆ పిల్ల అటు తిరిగింది. "చెప్పుండ్రి సార్. ఎందుకు లేస్తది?"

గంగాధర్ నా వైపు ఒకసారి చూశాడు, గడియారం వైపు ఒకసారి చూశాడు. "రికార్డుల ఉంటది. చూసి రాసుకో."

ఆ పిల్ల నా వైపు మళ్ళీ చూసింది. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. షాపులో తీరిక దొరికినప్పుడల్లా చదివి, ఒకటికి పదిసార్లు ఆలోచించి నేర్చుకున్న జవాబు. వైర్లు చుట్టి డబ్బాలో పెట్టి, వచ్చేశాను.

కాబట్టి కొండగట్టు అంజన్న మీద ప్రమాణం చేసి, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రకటిస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ పరీక్ష గదిలోనూ ప్రయోగం చేయను. పరికరాన్ని ముట్టను, ముట్టినా స్విచ్ వేయను, వేసినా సూది వైపు చూడను. పదిమంది ఏడంటే నేనూ ఏడంటాను. మీటరు లేకుండా రీడింగులు ఎక్కడివని ఎవరినీ అడగను. తెలిసిన జవాబైనా సరే, అది చెప్పవలసిన కుర్చీలో వేరేవాడు కూర్చుని ఉంటే నోరు తెరవను.

ఈ ఒట్టును పెట్టుకోకముందే కోరుట్లలో ఆ పిల్ల ముందు ఒకసారి నిలబెట్టుకున్నాను. మీటరు కాల్చిన రోజు కూడా నా మీద నాకు ఇంత అసహ్యం వేయలేదు.